ఎడమ పక్కకు ఉమ్మిన ఏడాది

పోయిన నెలలో సూర్యాపేటలో పళ్ళు కట్టించుకున్నాను. ఒకటీ అరా కాదు, పైవరస, కిందివరస మొత్తం. పళ్ళ డాక్టరమ్మది నా మనవరాలి ఈడు. పనంతా అయ్యాక చేతికి అద్దమిచ్చి నవ్వమంది. నవ్వితే అద్దంలో ఓట్లడగడానికి వచ్చినవాడెవడో కనిపించాడు. ఇంటికొచ్చి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక అసలు సంగతి తెలిసింది. అన్నం పలుకుగా ఉందో మెత్తగా ఉందో నోటికి అందడం లేదు, నములుతున్నానన్న చప్పుడు చెవికి వినబడుతున్నదే గాని నాలుకకూ దవడకూ ఏ కబురూ లేదు. బాగున్నాయా అని కోడలు అడిగితే బాగున్నాయన్నాను గాని ఆ పూట సగం అన్నం పళ్ళెంలోనే వదిలేశాను.

ఆ వారంలోనే మా పొద్దుటి నడక మిత్రులకు ఒక బుద్ధి పుట్టింది. మేమంతా రిటైరైనవాళ్ళం, నాలుగు అడుగులు నడిచి నలభై నిమిషాలు సిమెంటు బల్లల మీద కూర్చునేవాళ్ళం. ఏడాది చివరకు వచ్చింది కదా, మీకు ఎక్కువ పాఠాలు నేర్పిన సంవత్సరం ఏదో ఒక్కొక్కరు చెప్పండి అన్నారొకరు. ఒకాయన గుండె ఆపరేషన్ అయిన ఏడాది చెప్పాడు, ఇంకొకాయన హెడ్మాస్టరుగా ప్రమోషనొచ్చిన ఏడాది చెప్పాడు. నా వంతు రాగానే, మిర్యాలగూడ రైస్ మిల్లులో నాకు మొదటి ఉద్యోగం దొరికిన ఏడాది చెప్పి, ఓపికతో పనిచేస్తే మనిషికి తిరుగుండదని ఆ ఏడే నేర్చుకున్నానని ముగించాను. చప్పట్లు కొట్టారు. కొత్త పళ్ళతో ఆడిన మొదటి పెద్ద అబద్ధం అదే. నా ఈడువాళ్ళు, చేసిన తప్పుల్ని పిల్లల దగ్గర దాచుకొని తిరిగేవాళ్ళు, మీకైనా నిజం చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది మాడుగులపల్లి దగ్గర చిన్న పల్లె. నాయన పోయి మూడేళ్ళయింది, అమ్మ నాట్లకూ కలుపులకూ పోతున్నది, నేను ఇంటర్ తప్పి పెద్ద చదువులు చదివినవాడి మొహం పెట్టుకొని తిరుగుతున్నాను. అమ్మకు ఒక్కడే అన్న, మా మేనమామ. ఆయన మిర్యాలగూడలో ఒక పెద్ద మిల్లులో వడ్లు చూసే పని చేసేవాడు. నన్ను కూడా ఆ మిల్లులో పెట్టించి, మిల్లు వెనక తాను కిరాయికున్న ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆ ఇంటికి ఉన్నది ఒక గది, ఒక వసారా. గదిలో నన్ను పడుకోబెట్టి వసారాలో ఆయనా అత్తమ్మా పడుకునేవాళ్ళు. చదువుకున్న పిలగాడు, దోమలు కుడితే మళ్ళీ ఊరికి పోతానంటాడని అత్తమ్మ నవ్వేది. నేను కూడా అది నా హక్కేననుకున్నాను.

వడ్లు చూడటమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. కోతలు మొదలైతే మిల్లు గేటు నుంచి రోడ్డు పొడవునా ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ బారులు తీరేవి. వడ్లలో ఎంత తేమ ఉందో తేల్చేదాకా ఒక్క బస్తా లోపలికి దిగదు. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి నాలుగు గింజలు తీసి, అరచేతిలో నలిపి, ఊది, దవడ పంటి కింద పెట్టి కొరకాలి. ఎండిన గింజ టప్పున రెండు ముక్కలవుతుంది. పచ్చిది విరగదు, పంటి కింద అణిగిపోతుంది. ఈ రెండింటి మధ్య ఎన్ని రకాలున్నాయో అన్నీ మా మామ దవడకు తెలుసు. ఇంకో రెండు ఎండలు చాలంటే రెండు ఎండలే చాలేవి. రైతులు వేరే మిల్లుల్లో గొడవపడేవారు గాని మామ మాటను తీసేసేవారు కాదు. షావుకారు కూడా బంధువులెవరైనా వస్తే ఆయన్ను చూపించి, మా మిల్లుకు మిషను ఎందుకు, ఈయన నోరే మిషను అని చెప్పుకునేవాడు.

నేను రాకముందే ఆ నోట్లో పళ్ళు రాలిపోవడం మొదలైంది. దవడ పళ్ళన్నీ రెండేళ్ళలో పోయాయట, ముందువి నాలుగో ఐదో మిగిలి అవీ కదలసాగాయి. ఈ సంగతి అత్తమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చుట్టాల ఇంటికని చెప్పి సూర్యాపేట వెళ్ళి, బస్టాండు దగ్గర అద్దాల పెట్టెలో పళ్ళ సెట్లు పేర్చుకొని కూర్చునే ఒకతని దగ్గర ఆ మిగిలినవీ పీకించి, రెండు వరసలూ కట్టుడు పళ్ళు పెట్టించుకొని వచ్చాడు. బుగ్గలు లోపలికి పోకుండా అవి పనికొచ్చాయి గాని గింజ కొరకడానికి పనికి రాలేదు. నన్ను మిల్లుకు పిలిపించింది మా అమ్మ మీద జాలితోనే కాదు, నా పళ్ళ కోసం కూడానని నేను చేరిన నెలకు అర్థమైంది. దాన్ని ఆయన దాచలేదు కూడా. ఒకరోజు గడప మీద కూర్చోబెట్టి, నోరు తెరిచి చూపించాడు.

"ఈ పంట ఒక్కటి గడవనీ బిడ్డా," అన్నాడు. "ఉగాదికి షావుకారుకు నేనే చెప్త. మా మేనల్లునికి నాకంటె మంచి పన్నున్నది, ఆనికి పనియ్యమని. అప్పటిదాంక జర నా ఇజ్జత్ కాపాడు."

నాకు కొరకడం నేర్పింది ఆయనే. చిక్కుడు గింజలతో మొదలుపెట్టి, రాత్రి నానబెట్టిన వడ్లు, పొద్దున ఎండబోసిన వడ్లు, మంచు తాకిన వడ్లు, వేరు వేరు గిన్నెల్లో పోసి, కళ్ళు మూయించి కొరికించేవాడు. నెల తిరిగేసరికి నేను తప్పు చెప్పడం మానేశాను. ఆ తర్వాత మేమిద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం. నేను గొట్టమూ గంపా పట్టుకొని ముందు నడుస్తాను, గింజలు తీసి, పనిలో పనిగా నేనూ నోట్లో వేసుకున్నట్టు కొరికి, పొట్టు ఉమ్ముతాను. కుడి పక్కకు ఉమ్మితే ఎండినవి, ఎడమ పక్కకు ఉమ్మితే పచ్చివి. మిల్లు అన్నాక అందరూ ఏదో ఒకటి ఉమ్ముతూనే ఉంటారు, ఎవడికీ అనుమానం రాదు. వెనకాలే మామ వచ్చి నాలుగు గింజలు నోట్లో వేసుకొని, కాసేపు బుగ్గన పెట్టుకొని, తీర్పు చెప్పేవాడు. ఆ పంటకాలమంతా మిర్యాలగూడలో మా మామ పేరు అంతకుముందుకంటే పెరిగింది.

కొరికేది నేను, పేరు ఆయనది. మొదట్లో ఇద్దరం దీన్ని తలుచుకొని నవ్వుకునేవాళ్ళం. దసరాకు షావుకారు మామకు పట్టు అంచు పంచె పెట్టి, నాకు హమాలీలతో పాటు ఒక తువ్వాలు పడేసిన రోజు నుంచి నాకు నవ్వు రాలేదు. కొత్త పంచె కట్టుకొని మామ గేటు దగ్గర నిలబడితే, ఆ పంచెలో సగం నాదని లోపల ఒకటే మంట. చిన్నదానికే ఉడికిపోయే గుణం నాది, ఇప్పటికీ అంతే, ఇంట్లోవాళ్ళను అడగండి.

ఆ రోజుల్లోనే చివ్వెంల దగ్గరి ఒక ఊరి నుంచి నాకు సంబంధం వచ్చింది. పిల్లను దూరపు చుట్టాల పెళ్ళిలో చూశాను, నచ్చింది. పిల్ల తండ్రి ముందుగా చెప్పకుండా ఒక పొద్దున బస్సు దిగి నేరుగా మిల్లు గేటు దగ్గరకు వచ్చాడు. నేను బస్తాల చాటున ఉన్నాను, ఆయన నన్ను చూడలేదు. ఫలానా పిలగాడు ఇక్కడ ఏం పని చేస్తాడని హమాలీల్లో ఒకణ్ణి అడిగాడు.

"గా పిలగాడా? పనేముంటది," అన్నాడు హమాలీ. "మామ ముంగట గంప వట్టుకొని తిరుగుతడు, ఉమ్ముతడు. గంతే."

పక్కనున్నవాళ్ళు విరగబడి నవ్వారు. పిల్ల తండ్రి కూడా నవ్వి, కండువా దులుపుకొని, వచ్చిన దారినే బస్టాండుకు వెళ్ళిపోయాడు. రెండు రోజులకు సంబంధం వద్దన్న కబురొచ్చింది. ఆ సాయంత్రం మామను పట్టుకొని, షావుకారుకు రేపే చెప్పు, ఉగాది దాకా ఆగలేనని అడిగాను. కోతల నడుమ చెబితే ఇద్దరినీ మోసగాళ్ళని తరిమేస్తాడు, పంట అయ్యాక అయితే నవ్వి ఊరుకుంటాడు, జర ఓర్చుకో అని బతిమాలాడు. ఇప్పుడు చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆనాడు నాకు మాత్రం ముసలాయన నా బతుకును నమిలి మింగేస్తున్నట్టు తోచింది.

మూడో రోజు పొద్దున వాడపల్లి వైపు నుంచి ఒక పెద్ద రైతు మూడు ట్రాక్టర్ల వడ్లు తెచ్చాడు. షావుకారు స్వయంగా కుర్చీ వేయించుకొని గేటు దగ్గర కూర్చున్నాడు. నేను గొట్టం గుచ్చి, గింజలు తీసి కొరికాను. టప్పుమన్నాయి. ఆ ఏడాది నా పంటి కింద పడ్డ వడ్లలో అంత చక్కగా ఎండినవి లేవు. మామ నాలుగడుగుల దూరంలో నా వైపే చూస్తున్నాడు. నేను ఎడమ పక్కకు తిరిగి ఉమ్మాను.

చెయ్యి జారిందనో, తొందరలో మరిచిపోయాననో చెప్పుకోవడానికి లేదు. ఉమ్మేముందు ఏ పక్కకు ఉమ్ముతున్నానో నాకు బాగా తెలుసు.

మామ గింజలు నోట్లో వేసుకొని, బుగ్గన పెట్టుకొని, తల అడ్డంగా ఊపాడు. "పచ్చిగున్నయి దొరా. ఇంక రెండెండలు ఎండాలె."

రైతుకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు రోజులు కళ్లంలో తిరగబోసి తిరగబోసి ఎండించి తెచ్చినవాడు. "నీ నోట్లె పండ్లున్నయా, రాళ్ళున్నయా?" అని కేకేసి, గుప్పెడు వడ్లు తీసి షావుకారు ముందు పెట్టాడు. షావుకారు ఒక గింజ కొరికాడు, ఇంకొకటి కొరికాడు, ఆ చప్పుడు మాకూ వినబడింది. మామను దగ్గరకు పిలిచి అరచేతిలో గింజలు పోశాడు.

"కొరుకు," అన్నాడు. "నా కండ్ల ముంగట కొరుకు. బుగ్గన వెట్టుకునుడు కాదు."

మామ నా వైపు చూశాడు. నేను గంప సర్దుకుంటున్నట్టు వంగాను. ఆయన ఇంకేం చేస్తాడు, గింజలు నోట్లో వేసుకొని కొరికాడు. ఒకసారి కొరికితే ఏమీ కాలేదు, షావుకారు గట్టిగా కొరకమన్నాడు. రెండోసారికి లోపల ఏదో విరిగిన చప్పుడైంది, పైసెట్టు రెండు ముక్కలై, ఒక ముక్క ఆయన గడ్డం మీదుగా జారి కింద దుమ్ములో, ఒలికిన వడ్ల మీద పడింది. ఒక్క క్షణం ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు మొదలైంది. హమాలీలు బస్తాలు దింపేసి నవ్వారు, ట్రాక్టర్ల మీదివాళ్ళు లేచి నిలబడి నవ్వారు, వెనక బండ్లవాళ్ళు ఏమైంది ఏమైందని అడిగి తెలుసుకొని వరసగా రోడ్డు చివరిదాకా నవ్వారు. మామ ఆ ముక్క కోసం వంగితే, షావుకారు దాన్ని చెప్పుతో ఇంకొంచెం దూరం నెట్టాడు. మామ మళ్ళీ వంగాడు.

నేనూ నవ్వాను. ఇది నా భార్యకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఇన్నాళ్ళు మరి కొరికిందెవరని షావుకారు అరిచాడు. నేనే అన్నాను. ఉమ్మి గుర్తు సంగతి మొత్తం చెప్పేశాను. ఇవాళ ఏ పక్కకు ఉమ్మావని అడిగితే, కుడి పక్కకేనని అంతమంది ముందు కళ్ళార్పకుండా చెప్పాను. నన్ను అప్పటికప్పుడు నాలుగు బస్తాలు చూడమన్నాడు, నాలుగూ చూసి నాలుగూ సరిగ్గా చెప్పాను. గొట్టం నా చేతికీ, బస్తాలు కుట్టే దబ్బనం మామ చేతికీ వచ్చాయి.

మధ్యాహ్నం అత్తమ్మ తెచ్చిన సద్ది ఇద్దరం ఎప్పటిలాగే గోదాము గోడ నీడన కూర్చొని తిన్నాం. పళ్ళు లేక ఆయన మజ్జిగన్నం పిసికి పిసికి తాగుతున్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే ఏమనాలో పొద్దుటి నుంచి సిద్ధం చేసుకుంటున్నాను. ఆయన చెయ్యి కడుక్కొని, నా మొహంలోకి చూడకుండా అన్నాడు.

"నా కండ్లు గూడ పోయినట్టున్నయి బిడ్డా. నువ్వు కుడి దిక్కే ఉమ్మి ఉంటవ్. నాకు ఎడమ దిక్కు లెక్క కనవడ్డది."

"ఔ మామా," అన్నాను. "కుడి దిక్కే ఉమ్మిన."

నా బతుకులో ఏ మాటను వెనక్కి తీసుకునే వీలిచ్చినా దీన్నే తీసుకుంటాను. ఉమ్మడం కోపంలో చేశాను, కోపానికి ఏదో ఒక సాకుంటుంది. ఈ మాట కడుపునిండా తిని, ఆయన భార్య చేతి అన్నం తిని, చల్లగా అన్నాను.

అది అక్కడితో పోలేదు. మిల్లు వాకిలి ఊడ్చే అవ్వ ఒకామె ఉండేది, ఎవరికీ భయపడని మనిషి. పిలగాడు ఎడమ పక్కకు ఉమ్మడం నా కళ్ళతో చూశానని, ఆ పొట్టు ఊడ్చింది నేనేనని వారం తిరగకముందే షావుకారు చెవిన వేసింది. షావుకారు ముగ్గురినీ పిలిపించాడు. ఇన్నాళ్ళూ తప్పని గుర్తు ఆ ఒక్క పూట ఎట్లా తప్పిందిరా అని నన్ను నిలదీశాడు. ఉద్యోగం పోతుంది, ఊళ్ళో మొహం ఎత్తుకోలేను, అమ్మకు తెలిస్తే గుండె పగిలి చస్తుంది. నేను నోరు తెరవకముందే మామ ముందుకు జరిగాడు.

"అవ్వ సూసింది వేరే బండి కాడ దొరా. పిలగానిది తప్పేం లేదు. నాకే కండ్లు మసకలు. ఏడాదాయె, చెప్పుకోలే. గిప్పుడు మీ మొఖం గూడ నాకు సక్కగ కనవడ్తలేదు."

షావుకారు ఆయన్ను పై నుంచి కింది దాకా చూశాడు. "పండ్లు లేకపాయె, కండ్లు లేకపాయె. మసక కండ్లోడు బస్తాలేం కుడ్తడు? ఇగ నీతోని నాకేం పని?" అన్నాడు.

మామకు మిల్లుతో ముప్పై ఏళ్ళ సంబంధం అంతటితో ఖతం. అబద్ధాలు చెబుతావా అని అవ్వకూ చీవాట్లు పడ్డాయి. ఆ తర్వాత నేను ఎదురైనప్పుడల్లా ఆమె చీపురు ఆపి, ఎడమ పక్కకు తిరిగి, బాగా చప్పుడయ్యేలా ఉమ్మేది. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఒక్కరోజు కూడా మానలేదు.

మామకు ఒక్కతే కూతురు, నాకు వదిన వరస, కోదాడలో కాపురం. ముసలివాళ్ళిద్దరూ ఆమె దగ్గరకు వెళ్ళిపోయారు. కోదాడ బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. కళ్ళు కనబడవు కదా, మామ చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించి, మెట్టు మెట్టుకూ చెప్పి బస్సెక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చూసినవాళ్ళు ఎంత బుద్ధిమంతుడైన మేనల్లుడో అన్నారు. వాళ్ళు ఖాళీ చేసిన ఇంట్లో నేనే ఉండిపోయాను, మాఘమాసంలో చివ్వెంల సంబంధం మళ్ళీ దానంతట అదే నడిచి వచ్చింది. ఈసారి పిల్ల తండ్రి గేటు దగ్గర నన్ను చూసి కండువా భుజం మీద సర్దుకొని దండం పెట్టాడు. పెళ్ళికి మామ వచ్చి మేనమామ పెట్టాల్సిన బట్టలు పెట్టాడు. అక్షింతలు వేసేటప్పుడు వదిన ఆయన చెయ్యి పట్టుకొని మా తలల మీదికి చూపించాల్సి వచ్చింది. మిల్లువాళ్ళెవరో, పండ్లు లేనాయనకు అరిసెలెందుకు వడ్డించారని అరిచి పందిరంతా నవ్వించారు. మామ కూడా చిగుళ్ళు కనబడేలా నవ్వాడు.

ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు, పేరు. ఒక్క ఏడాదిలో అన్నీ వచ్చి పడ్డాయి. నడక మిత్రులకు నేను చెప్పిన ఏడాది ఇదే.

ఆ తర్వాత మామ పన్నెండేళ్ళు బతికాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మిర్యాలగూడ నుంచి కోదాడ పోయి పలకరించి వచ్చేవాళ్ళం. గడపలో చెప్పుల చప్పుడు కాగానే గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషి, ఎవరూ అని అడిగేవాడు. నేను మామా అంటే, నువ్వా బిడ్డా, రా అనేవాడు. మీ అమ్మ బాగున్నదా, పన్ను నొప్పి ఏమన్నా ఉన్నదా, ఉప్పు నీళ్ళు పుక్కిలించు, సుపారీ నమలకు అని నా పళ్ళ గురించి జాగ్రత్తలు చెప్పేవాడు. అంతే. మిల్లు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి ఆయనకేమీ తెలియదని నేను గట్టిగా నమ్మాను. నమ్మడం నాకు అవసరం, అందుకని సులువుగానే నమ్మాను.

పెద్దకర్మ నాడు వంటలు దించి, చుట్టాలు కొంత తగ్గాక, పెరట్లో వదిన చేట ముందు పెట్టుకొని బియ్యం ఏరుతున్నది. నేను పక్కన పీట వేసుకొని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, పాపం కళ్ళు లేక ఎంత కష్టపడ్డాడో అన్నాను. వదిన చేట ఆపింది. పెళ్ళై ఇరవై ఏళ్ళుగా కోదాడలో ఉండి ఆమె మాట అటు కృష్ణా జిల్లా వైపు తిరిగింది.

"కళ్ళకేమైంది మా నాన్నకి?" అంది. "నిన్నమొన్న మంచం పట్టేదాకా ఈ ఇంట్లో బియ్యం ఏరింది ఆయనే. నూకలో ఇసుక రవ్వ ఉన్నా వదిలేవాడు కాదు. నువ్వు సందు మలుపులో కనపడగానే చేట నాకిచ్చేసి, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు."

ఎందుకలా చేసేవాడని అడిగాను.

"నేనూ అడిగాను. ఆ పిల్లాడు చూసి తట్టుకోలేడమ్మా, నాకు కళ్ళున్నాయని తెలిస్తే మళ్ళీ ఈ గడప తొక్కడు, మా చెల్లెలి కొడుకు ఒక్కడేగా రాకపోకలున్నవాడు, అనేవాడు. మా ఇంటాయనకి కూడా చెప్పనివ్వలేదు. నీకు మాత్రం ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు నువ్వొస్తే ఎంత, రాకపోతే ఎంత." మళ్ళీ చేట అందుకుంది.

ఆ పీట మీద కూర్చొని నేను ఆలోచించింది ఉమ్మి గురించి కాదు, విరిగిన పళ్ళ గురించి కాదు. పన్నెండేళ్ళ పాటు ఆ గదిలో ఆయన ఎదుట నేను ఎట్లా కూర్చున్నానో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. చూడలేడన్న ధైర్యంతో, ఆయన మాట్లాడుతుండగానే చేతి గడియారం చూసుకునేవాణ్ణి. అత్తమ్మ ఇచ్చిన చాయ్ బాగా లేకపోతే మొహం వికారంగా పెట్టి, చప్పుడు కాకుండా కిటికీలోంచి పారబోసేవాణ్ణి. ముసలాయన తన ఊరి కబుర్లు మొదలుపెడితే, నా భార్యకు కనుబొమ్మలతో సైగ చేసి, ఇక లేద్దాం పద అని వేలు తిప్పి చూపేవాణ్ణి. ఒకసారి ఆయన చిగుళ్ళతో బిస్కెట్ నములుతుంటే ఆయన ఎదుటే ఆయన్ను వెక్కిరించి నా పిల్లల్ని నవ్వించాను. ఉన్నట్టుండి వీళ్ళెందుకు నవ్వుతున్నారు బిడ్డా అని అడిగి, ఆయన కూడా వాళ్ళతో పాటు నవ్వాడు. అన్నీ చూశాడు. గోడ వైపు తిరిగి కూర్చునేది నన్ను చూడకుండా ఉండటానికేనేమో, వచ్చినవాళ్ళకు పూర్తిగా వీపు పెట్టలేక పక్కగా కూర్చుండిపోయేవాడు, అందుకే అన్నీ కంటబడ్డాయి.

మిల్లులో గింజలు కొరికే పని ఇంకొన్నేళ్ళు చేశాను, తర్వాత తేమ చూసే మిషనొచ్చింది, నేను గోనె సంచుల వ్యాపారం పెట్టుకొని సూర్యాపేట చేరాను. ఈమధ్య కోతలప్పుడు మిర్యాలగూడ పోతే, కోత మిషను నుంచి నేరుగా పచ్చి వడ్లే ట్రాక్టర్లలో వచ్చి నిలబడుతున్నాయి, గుప్పెడు గింజలు మిషనులో పోస్తే అంకె పడుతున్నది, రైతుకూ మిల్లుకూ గొడవైతే ఆ అంకెతోనే గొడవ. మంచిదే. మనిషి నోటి మీద ఆధారపడ్డ తీర్పులో ఎంత దొంగతనం పడుతుందో నాకంటే ఎవరికి తెలుసు. అయినా ఆ బారుల పక్కన నిలబడితే గుండెలో ఏదో తక్కువైనట్టుంటుంది. అప్పట్లో ఒక మనిషిని నాశనం చేయాలన్నా అతని పక్కనే నిలబడి, అతని అన్నం తిని, మొహంలోకి చూసి చేయాల్సి వచ్చేది. క్షమించేవాడు కూడా అంత దగ్గరే ఉండేవాడు.

ఆ ఏడాది నాకు ఓపిక నేర్పలేదు. అది నాకేమీ నేర్పలేదు, అన్నీ ఇచ్చింది. నేర్చుకున్నదేమన్నా ఉంటే పన్నెండేళ్ళ తర్వాత ఆ పెరట్లో నేర్చుకున్నాను, అప్పటికి ఎవరితో చెప్పుకోవాలో ఆ మనిషి లేడు. ఇవాళ్టికీ ఎవరింటికైనా పెద్దవాళ్ళను చూడటానికి పోతే గడియారం వైపు చూడలేను. లేద్దామని నా భార్యే నోరు తెరిచి చెప్పాలి. అప్పటిదాకా వాళ్ళ కళ్ళలోకి చూస్తూ, వాళ్ళు నాలో ఏమేం చూస్తున్నారోనని భయపడుతూ కూర్చుంటాను.